ఒకే వంట, రెండు కంచాలు: భార్యాభర్తలు సమానంగా తింటే ఎవరికి నష్టం?

రాత్రి ఎనిమిదిన్నర. ఒక గిన్నెలో అన్నం, మరో గిన్నెలో పప్పు, మూకుడులో బెండకాయ వేపుడు. ఇద్దరే మనుషులు, రెండే కంచాలు. ఒకే గరిటెతో ఇద్దరికీ సమానంగా వడ్డన పూర్తవుతుంది. చివరికి గిన్నె అడుగున పిడికెడు అన్నం మిగులుతుంది. పారేయడానికి మనసు రాక ఆమె దానిని తన కంచంలోకి వంచుకుంటుంది.

పెళ్లయిన రెండు, మూడేళ్లకు ఇలాంటి ఇళ్లలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. ఆమె బరువు పెరిగింది, అతని చొక్కా కొలత మాత్రం మారలేదు. ‘ఇద్దరం ఒకటే తింటున్నాం కదా, మరి ఈ తేడా ఎందుకు?’ అన్నదే ఆ ప్రశ్న. చాలా సందర్భాలలో సమాధానం ఆ ప్రశ్నలోనే ఉంది. శరీరాల అవసరాలు వేరైనప్పుడు ఇద్దరూ ఒకే పరిమాణంలో తినడం వల్లనే తేడా వస్తుంది.

దీనికి విరుగుడుగా ‘ఆమె అన్నీ కాస్త తగ్గించి తింటే సరి’ అనే సలహా తరచుగా వినిపిస్తుంది. ఆ సలహా కూడా పూర్తిగా సరైనది కాదు. ఎందుకంటే కేలరీల అవసరం తక్కువగా ఉన్నంత మాత్రాన మిగిలిన పోషకాల అవసరం కూడా అదే నిష్పత్తిలో తగ్గదు.

ఇద్దరి అవసరాల మధ్య తేడా ఎంత?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) భారతీయులకు అవసరమైన పోషకాల మోతాదులను ఎప్పటికప్పుడు సవరిస్తూ ఉంటుంది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధన విభాగంగా మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో పనిచేసే ఈ సంస్థ 2020 నాటి సిఫార్సులలో 65 కిలోల బరువున్న పురుషుణ్ణి, 55 కిలోల బరువున్న స్త్రీని ప్రమాణంగా తీసుకుంది.

ఆ లెక్కల ప్రకారం కూర్చుని పనిచేసే పురుషుడికి రోజుకు సుమారు 2,110 కేలరీలు కావాలి. అదే తరహా పని చేసే స్త్రీకి 1,660 కేలరీలు సరిపోతాయి. ఓ మోస్తరు శారీరక శ్రమ చేసేవారిలో పురుషుడికి 2,710, స్త్రీకి 2,130 కేలరీలు అవసరం. కఠిన శ్రమ చేసేవారికి ఈ సంఖ్యలు వరుసగా 3,470, 2,720.

అంటే ఇద్దరూ కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగం చేసేవారైతే వారి అవసరాల మధ్య తేడా రోజుకు 450 కేలరీలు. సాధారణంగా ఒక కప్పు అన్నంలో, అంటే 150 గ్రాముల వండిన అన్నంలో, సుమారు 200 కేలరీలు ఉంటాయి. ఈ లెక్కన ఆ తేడా రెండు కప్పుల అన్నానికి మించినది.

ఇవి సగటు అంకెలు మాత్రమే. 50 కిలోల బరువున్న భర్త, 70 కిలోల బరువున్న భార్య ఉన్న ఇంట్లో లెక్క మారుతుంది. ఒకరు రోజంతా నిలబడి పనిచేస్తూ, మరొకరు కుర్చీకే పరిమితమైతే అప్పుడూ మారుతుంది.

శరీరాల మధ్య ఈ వ్యత్యాసం ఎక్కడిది?

మనిషి ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నా గుండె, ఊపిరితిత్తులు, మెదడు, కాలేయం వంటి అవయవాలు పనిచేస్తూనే ఉంటాయి. వాటికయ్యే శక్తి ఖర్చునే విశ్రాంతి జీవక్రియ రేటు అంటారు. శారీరక శ్రమ అంతగా లేనివారి రోజువారీ శక్తి ఖర్చులో అత్యధిక భాగం దీనికే పోతుంది.

ఈ ఖర్చును అంచనా వేయడానికి 1990లో వెలువడిన మిఫ్లిన్–సెయింట్ జోర్ సూత్రాన్ని ఆహార నిపుణులు విరివిగా వాడుతున్నారు. కిలోల్లో బరువును 10తోనూ, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తోనూ హెచ్చించి, ఆ రెండింటినీ కలపాలి. వచ్చిన మొత్తంలోంచి వయసుకు ఐదు రెట్లు తీసివేయాలి. ఆపైన పురుషులకు 5 కలపాలి, స్త్రీలకు 161 తీసివేయాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. భర్త వయసు 32, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 70 కిలోలు. భార్య వయసు 30, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 55 కిలోలు. సూత్రం ప్రకారం అతని విశ్రాంతి ఖర్చు సుమారు 1,608 కేలరీలు, ఆమెది 1,208. అంటే ఇద్దరూ రోజంతా కదలకుండా పడుకున్నా 400 కేలరీల తేడా ఉంటుంది.

ఆ 400లో బరువు వల్ల వచ్చినది 150, ఎత్తు వల్ల వచ్చినది సుమారు 94, స్త్రీ పురుష భేదం వల్ల వచ్చినది 166. వయసులోని రెండేళ్ల తేడా ఇందులో ఓ పది తగ్గిస్తుంది. సాధారణంగా పురుషుల శరీరంలో కండరాల పాలు ఎక్కువ. కొవ్వు కణజాలంతో పోలిస్తే కండరం విశ్రాంతి సమయంలోనూ ఎక్కువ శక్తిని వాడుకుంటుంది. స్త్రీ పురుష భేదం పేరిట సూత్రంలో కనిపించే 166 కేలరీలకు ప్రధాన కారణం ఇదే.

ఈ సూత్రాన్ని అమెరికాలో సేకరించిన సమాచారంతో రూపొందించారు. పాశ్చాత్య సూత్రాలు భారతీయుల విశ్రాంతి ఖర్చును కాస్త ఎక్కువ చేసి చూపిస్తాయన్నది ఇక్కడి పరిశోధకుల పరిశీలన. కాబట్టి ఇద్దరి మధ్య తేడాను అర్థం చేసుకోవడానికి ఈ లెక్క పనికొస్తుంది గానీ, చివరి అంకె దాకా నమ్మి కంచాన్ని తూకం వేయడానికి కాదు.

చెరి సగం పంచుకుంటే ఏమవుతుంది?

కూర్చుని పనిచేసే దంపతుల మొత్తం అవసరం రోజుకు 3,770 కేలరీలు అనుకుందాం. ఇంట్లో సరిగ్గా అంతే వండి, సరిగ్గా చెరి సగం తింటే ఒక్కొక్కరికి 1,885 కేలరీలు అందుతాయి. ఆమెకు 225 ఎక్కువ, అతనికి 225 తక్కువ.

అతని లోటు లోటుగా మిగలదు. ఆకలి దానిని గుర్తు చేస్తుంది. ఆఫీసు క్యాంటీన్‌లో ఒక సమోసా, పంచదార వేసిన టీతో ఆ లోటు తేలిగ్గా తీరిపోతుంది. ఆమెకు అదనంగా అందినది మాత్రం శరీరంలోనే నిల్వ అవుతుంది. ఇంటి భోజనం ఇద్దరికీ సమానంగానే కనిపిస్తున్నా, దాని ఫలితం ఒకరి శరీరం మీదే తెలుస్తుంది.

ఆ ఫలితం ఎంత? అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు చెందిన శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం 2011లో ‘ది లాన్సెట్’ పత్రికలో ఒక గణిత నమూనాను ప్రచురించింది. దాని ప్రకారం అధిక బరువున్న సగటు వ్యక్తి రోజువారీ ఆహారంలో 24 కేలరీల శాశ్వత మార్పు వస్తే శరీర బరువులో చివరికి సుమారు ఒక కిలో మార్పు వస్తుంది. అందులో సగం మార్పు దాదాపు ఏడాదిలో, 95 శాతం మూడేళ్లలో కనిపిస్తుంది. ఆ లెక్కను ఇక్కడ అన్వయిస్తే 225 కేలరీల అదనం కాలక్రమేణా తొమ్మిది కిలోలకు దారి తీయగలదు. ఇది స్థూలమైన అంచనాయే అయినా, పెళ్లయిన రెండు, మూడేళ్లలోనే తేడా ఎందుకు బయటపడుతుందో దీనివల్ల బోధపడుతుంది.

దంపతుల బరువులు ఒకదానినొకటి ప్రభావితం చేస్తాయని చెప్పే పరిశోధనలూ ఉన్నాయి. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ గుండె అధ్యయనంలో 32 ఏళ్ల పాటు నమోదైన సమాచారాన్ని నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ విశ్లేషించి 2007లో ఫలితాలను వెల్లడించారు. జీవిత భాగస్వామి ఊబకాయులైతే రెండోవారు కూడా ఊబకాయులయ్యే అవకాశం 37 శాతం పెరిగిందని అందులో తేలింది.

కేలరీలు తక్కువే, మరి ఇనుము?

ఇక్కడే ‘అన్నీ తగ్గించి తినడం’ అనే సలహాలోని లోపం బయటపడుతుంది.

ఎన్ఐఎన్ సిఫార్సుల ప్రకారం పురుషుడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. నెలసరి వస్తున్న వయసులోని స్త్రీకి 29 మిల్లీగ్రాములు కావాలి. కాల్షియం ఇద్దరికీ సమానంగా 1,000 మిల్లీగ్రాములు. ప్రొటీన్ అతనికి 54 గ్రాములు, ఆమెకు సుమారు 46 గ్రాములు. కేలరీల అంకెలు సగటు అవసరాన్ని సూచిస్తాయి. ఈ పోషకాల అంకెలు మాత్రం దాదాపు అందరి అవసరాలూ తీరేలా నిర్ణయించిన మోతాదులు.

ఇప్పుడు భర్త కంచంలో అతనికి కావలసిన 2,110 కేలరీలు, 19 మిల్లీగ్రాముల ఇనుము సరిగ్గా ఉన్నాయనుకుందాం. భార్య అదే భోజనంలో ప్రతి పదార్థాన్నీ సమాన నిష్పత్తిలో తగ్గించి 1,660 కేలరీలు తీసుకుంటే ఆమెకు అందే ఇనుము సుమారు 15 మిల్లీగ్రాములు. ఆమెకు సిఫార్సు చేసిన మోతాదులో అది సగమే.

మరో విధంగా చెప్పాలంటే, అతని ఆహారంలో ప్రతి 1,000 కేలరీలకు 9 మిల్లీగ్రాముల ఇనుము ఉంటే చాలు. ఆమె ఆహారంలో ప్రతి 1,000 కేలరీలకు 17 మిల్లీగ్రాములకు పైగా ఉండాలి. ఆమె కంచం చిన్నదైనా, అందులోని ఆహారం పోషకాల పరంగా దాదాపు రెండింతలు చిక్కగా ఉండాలన్నమాట.

దేశంలోని పరిస్థితి ఈ లెక్కకు అద్దం పడుతోంది. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసు స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు పురుషులలో ఇది 25 శాతం. అదే సర్వేలో 24 శాతం స్త్రీలు అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నట్టు తేలింది. ఒకే వ్యక్తిలో అధిక బరువు, రక్తహీనత రెండూ కలిసి ఉండటం అసాధారణమేమీ కాదు. కేలరీలు మిగిలిపోతూ, పోషకాలు చాలకపోతే కలిగే పర్యవసానమది.

అందువల్ల కేలరీలు తక్కువ కావలసిన వ్యక్తి తగ్గించుకోవలసినవి ప్రధానంగా అన్నం, రొట్టె, నూనె, నెయ్యి, తీపి పదార్థాలు. పప్పు, ఆకుకూర, కూరగాయలు, గుడ్డు, చేప, పెరుగు వంటివి ఇద్దరికీ సమానంగా ఉండాలి. కొన్ని ఇళ్లలో ఇప్పటికీ గుడ్డు, మాంసం ముక్కలు ముందుగా మగవారి కంచాల్లోకే వెళుతుంటాయి. ఈ లెక్క ప్రకారం చూస్తే అది పూర్తిగా తలకిందుల పద్ధతి.

ఆమెకే ఎక్కువ కావలసిన సందర్భాలు

‘మగవారికి ఎక్కువ, ఆడవారికి తక్కువ’ అన్నది అన్ని వేళలా చెల్లే సూత్రం కాదు. కనీసం మూడు సందర్భాలలో అది తారుమారవుతుంది.

మొదటిది గర్భధారణ. గర్భిణికి రోజుకు అదనంగా 350 కేలరీలు కావాలని ఎన్ఐఎన్ చెబుతోంది. కూర్చుని పనిచేసే స్త్రీ అవసరం అప్పుడు 2,010కి చేరుతుంది. అంటే కూర్చుని పనిచేసే భర్త అవసరానికి కేవలం 100 తక్కువ.

రెండోది బాలింత దశ. బిడ్డకు పాలిచ్చే తొలి ఆరు నెలలు తల్లికి అదనంగా 600 కేలరీలు, తర్వాతి ఆరు నెలలు 520 కేలరీలు కావాలి. తొలి ఆరు నెలల్లో ఆమె అవసరం 2,260కి చేరి, భర్త అవసరాన్ని దాటిపోతుంది. విచారకరమైన విషయం ఏమిటంటే, తెలుగు నేలపై ఎన్నో ఇళ్లలో పథ్యం పేరిట బాలింత కంచం కుదించుకుపోయేది సరిగ్గా ఆ రోజుల్లోనే. పప్పు వద్దు, పెరుగు వద్దు, కొన్ని కూరగాయలు వద్దు అంటూ తీసివేసుకుంటూ పోతే కారప్పొడి అన్నం తప్ప మిగిలేది అంతంత మాత్రమే. బిడ్డకు పాల ద్వారా వెళ్లే శక్తి మాత్రం తల్లి శరీరంలోంచే వెళుతుంది.

మూడోది శ్రమలోని తేడా. వ్యవసాయ కూలీగా నాట్లకు, కలుపులకు వెళ్లే స్త్రీ అవసరం ఓ మోస్తరు శ్రమ లెక్కన చూసినా 2,130 కేలరీలు. ఆమె భర్త దుకాణంలో కూర్చుని లెక్కలు రాసే గుమస్తా అయితే అతనికి కావలసినది 2,110. ఇద్దరి అవసరమూ దాదాపు ఒకటే. పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఆమెదే ఎక్కువ.

ఇంటి పని లెక్కలోకి వస్తుందా?

పోషకాహార పట్టికలలో ‘కూర్చుని పనిచేసేవారు’ అన్న మాట అన్ని ఇళ్లకూ ఒకేలా వర్తించదు. కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనులలో పాల్గొనే స్త్రీలు వాటిపై రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. నీళ్లు మోయడం, బట్టలు ఉతకడం, నేల తుడవడం వంటి పనులు చేత్తో చేసే ఇంటికీ, వాటికి యంత్రాలూ పనిమనుషులూ ఉన్న ఇంటికీ గృహిణి శ్రమ ఒకటి కాదు. ఆఫీసులో కూర్చుని పనిచేసి, ఇంటికి వచ్చి వంటింట్లో నిలబడే స్త్రీ శ్రమను లెక్కగట్టేటప్పుడు రెండో భాగాన్నీ కలుపుకోవాలి.

ఒకే ఇంట్లోని వ్యక్తుల అవసరాలు వేరన్న సంగతి భారత పోషకాహార శాస్త్రానికి కొత్త కాదు. కుటుంబ ఆహార సర్వేలలో శాస్త్రవేత్తలు ‘వినియోగ ప్రమాణం’ అనే కొలతను వాడేవారు. కూర్చుని పనిచేసే పురుషుణ్ణి 1గా తీసుకుంటే, అదే తరహా స్త్రీ 0.8, ఓ మోస్తరు శ్రమ చేసే స్త్రీ 0.9, కఠిన శ్రమ చేసే స్త్రీ 1.2గా లెక్కకు వచ్చేవారు. ఒక కుటుంబానికి ఎంత ధాన్యం కావాలో చెప్పడానికి ఆ కొలత సరిపోయేది. ఆ ధాన్యం ఎవరి కంచంలోకి ఎంత వెళుతోందో మాత్రం అది చెప్పలేదు.

ఆ రెండో ప్రశ్నను ఆర్థికవేత్త అమర్త్య సేన్ వంటివారు ముందుకు తెచ్చారు. కుటుంబాన్ని ఒకే యూనిట్‌గా చూస్తే, దాని లోపల జరిగే పంపకాలలోని అసమానత కనబడకుండా పోతుందని ఆయన తన రచనలలో వాదించారు. భారత మానవాభివృద్ధి సర్వేలో ఇంట్లో భోజనం చేసేటప్పుడు ఎవరు ముందు తింటారన్న ప్రశ్నను చేర్చడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇటువంటిదే. అందరూ తిన్నాక మిగిలినది తినే వ్యక్తికి ఎంత దక్కుతుందన్నది ఆమె అవసరాన్ని బట్టి ఉండదు, గిన్నెలో మిగిలినదాన్ని బట్టి ఉంటుంది. ఒక రోజు కూర అడుగంటి ఉత్త మజ్జిగ అన్నమే మిగలవచ్చు. మరో రోజు ‘పారేయడం ఎందుకు’ అని మూడు ముద్దలు ఎక్కువే తినవలసి రావచ్చు.

వేర్వేరుగా వడ్డిస్తే పంక్తిభేదం కాదా?

ఒకే బంతిలో కూర్చున్నవారికి ఒకరికి ఒక విధంగా, మరొకరికి మరో విధంగా వడ్డించడాన్ని తెలుగువారు పంక్తిభేదం అంటారు. అది తప్పన్నది పాత కాలం నుంచి వస్తున్న మర్యాద. ఒకే కంచంలో తినడం, ఒకే విధంగా తినడం దాంపత్యంలోని చనువుకు గుర్తుగా నిలిచాయి. కొసరి కొసరి వడ్డించడం ప్రేమ, వద్దనడం మొహమాటం అన్న భావన కూడా బలంగా ఉంది. అందుకే ‘నాకు తక్కువ పెట్టు’ అన్న మాట కొన్ని ఇళ్లలో అలకలా వినిపిస్తుంది.

అయితే పంక్తిభేదాన్ని తప్పుపట్టడం వెనుక ఉన్న ఆంతర్యం వేరు. మంచి పదార్థం ఒకరికి, నాసిరకం మరొకరికి పెట్టకూడదన్నది దాని సారం. ఎవరి ఆకలికి తగినంత వారికి పెట్టడం ఆ మర్యాదకు విరుద్ధం కాదు. అదే బంతిలో చిన్నపిల్లాడికి పెద్దవారితో సమానంగా అన్నం వడ్డించాలని ఎవరూ పట్టుబట్టరు.

కలిసి తినేటప్పుడు మనకు తెలియకుండానే ఎదుటివారిని అనుసరిస్తామన్న సంగతిని కూడా గుర్తుంచుకోవాలి. నలుగురితో కలిసి చేసే భోజనంలో ఒంటరిగా తిన్నప్పటి కంటే ఎక్కువ తింటారని అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ డి కాస్ట్రో అధ్యయనాలు చూపించాయి. పక్కవారు ఎక్కువ తింటే మనమూ ఎక్కువ, తక్కువ తింటే మనమూ తక్కువ తినే ధోరణి కూడా పరిశోధనలలో పదేపదే కనిపించింది. భర్త మారు అన్నం పెట్టుకుంటున్నప్పుడు భార్య చేయి కూడా గరిటె వైపు వెళ్లడంలో ఆకలి పాత్ర కంటే తోడు పాత్రే ఎక్కువ కావచ్చు.

ఒకే వంటతో ఎలా సర్దుకోవచ్చు?

రెండు రకాల వంటలు చేయడం ఏ ఇంట్లోనూ ఎక్కువ కాలం సాగదు. ఆ అదనపు శ్రమ కూడా సాధారణంగా ఒకరి మీదే పడుతుంది. వంట ఒకటిగానే ఉంచి, తేడాను కంచం దగ్గర చూపించడం తేలికైన మార్గం.

మొదటగా చూడవలసినది నూనె. కూరలో కలిసిన నూనెను వడ్డించేటప్పుడు వేరు చేయలేం. ఇద్దరున్న ఇంట్లో నెలకు మూడు లీటర్ల నూనె ఖర్చవుతోందనుకుందాం. మనిషికి రోజుకు సుమారు 46 గ్రాములు, అంటే 414 కేలరీలు. కూర్చుని పనిచేసే భర్త అవసరంలో అది ఐదో వంతు, భార్య అవసరంలో నాలుగో వంతు. అందుకే వంటలో నూనె ఎప్పుడూ తక్కువ కావలసినవారి లెక్క ప్రకారమే పడాలి. అదే ఇంట్లో నెలకు రెండు లీటర్లతో సరిపెడితే మనిషికి రోజుకు దాదాపు 138 కేలరీలు తగ్గుతాయి. ఎక్కువ కావలసినవారు కంచంలో నెయ్యి వేసుకోవచ్చు. ఒక చిన్న చెంచా నెయ్యిలో సుమారు 45 కేలరీలు ఉంటాయి.

రెండోది వడ్డించే వరుస. తక్కువ కేలరీలు కావలసినవారు ముందుగా కూర, పప్పు, ఆకుకూర పెట్టుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకోవడం మంచిది. కంచంలో సగం వరకు కూరగాయలు, పండ్లు ఉండాలని ఎన్ఐఎన్ సూచిస్తున్న ‘మై ప్లేట్’ నమూనా కూడా చెబుతోంది. కంచం నిండా అన్నం పెట్టుకుని, నంజుకోవడానికి కూర వేసుకునే అలవాటు ఉన్న ఇళ్లలో ఈ ఒక్క మార్పుతోనే గమనించదగిన తేడా వస్తుంది.

మూడోది పై అదనం. ఎక్కువ కావలసిన భాగస్వామికి 450 కేలరీల తేడాను పూడ్చడం కష్టమేమీ కాదు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం ఎక్కువ పెట్టుకుంటే 200, రాత్రి ఒక పుల్కా ఎక్కువైతే సుమారు 100, సాయంత్రం గుప్పెడు, అంటే 25 గ్రాముల వేరుశనగ గింజలు తింటే సుమారు 140. మొత్తం 440. ఇందులో దేనికీ వేరే వంట అక్కరలేదు. బాలింత దశలోనో, పొలం పనుల రోజుల్లోనో ఇదే అదనం భార్య కంచంలోకి వెళ్లాలి.

నాలుగోది ఇనుము. తోటకూర, మునగాకు వంటి ఆకుకూరలు, పప్పులు, చిరుధాన్యాలు ఇద్దరికీ సమానంగా పెట్టాలి. మొక్కల ఆహారంలోని ఇనుమును శరీరం అంత తేలిగ్గా గ్రహించదు. నిమ్మరసం, జామ, ఉసిరి వంటి విటమిన్ సి ఉన్నవాటిని దానితో పాటు తీసుకుంటే గ్రహింపు పెరుగుతుంది. భోజనంతో పాటు, లేదా భోజనమైన వెంటనే టీ, కాఫీ తాగితే తగ్గుతుంది. కాల్షియం కోసం పాలు, పెరుగుతో పాటు రాగులు ఉపయోగపడతాయి. 30 గ్రాముల రాగి పిండిలో సుమారు 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రాయలసీమ సంగటి, ఉదయం తాగే రాగి జావ ఈ విధంగా ఇద్దరికీ మేలు చేసేవే.

ఐదోది కొలత. రోజూ ప్రతి పదార్థాన్నీ తూచుకోవడం ఎవరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఒక వారం పాటు బియ్యాన్ని గ్లాసుతో కొలిచి పోసి, ఎవరు ఎన్ని గరిటెల అన్నం తింటున్నారో గమనిస్తే చాలు. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటాయన్న ఒక్క అంకెతో మిగిలిన లెక్క తేలుతుంది. గిన్నెలో రోజూ మిగులుతోందంటే ఎసట్లో పోసే బియ్యమే ఎక్కువన్నమాట. మిగిలినది కంచంలోకి వంచుకునే బదులు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పులిహోర కలుపుకోవచ్చు. మర్నాటి నుంచి అరగ్లాసు తగ్గించి పోయడం అంతకంటే మేలు.

ఎప్పుడు నిపుణుల సలహా తప్పనిసరి?

దంపతులలో ఒకరికి మధుమేహం ఉండి, ఇన్సులిన్ గానీ, చక్కెర స్థాయిని బాగా తగ్గించే మాత్రలు గానీ వాడుతుంటే కేలరీలు తగ్గించడం, పూట మానేయడం సొంతంగా చేయకూడదు. మందు మోతాదు మారకుండా ఆహారం తగ్గితే రక్తంలో చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోవచ్చు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ప్రొటీన్ లెక్క వేరు. వారికి పప్పు, గుడ్డు ఎంత పెట్టాలో వైద్యులే చెప్పాలి.

ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోతున్నా, ఆహారంలో మార్పు లేకుండా బరువు వేగంగా పెరుగుతున్నా, తీవ్రమైన అలసట, ఆయాసం ఉన్నా వాటిని కంచం లెక్కలతో సరిపెట్టుకోకూడదు. థైరాయిడ్ సమస్య, రక్తహీనత వంటివి సాధారణ రక్త పరీక్షలతో తెలుస్తాయి. తిండి గురించిన భయం, తిన్నాక అపరాధ భావం రోజువారీ జీవితాన్ని ఇబ్బంది పెడుతుంటే అది మానసిక ఆరోగ్య నిపుణుల దగ్గరకు తీసుకువెళ్లవలసిన విషయం.

చెప్పుకోవడం ఎలా?

లెక్కలు తేలిక, మాటలు కష్టం. ‘నువ్వు ఎక్కువ తింటున్నావు’ అన్న మాట భోజనం మధ్యలో ఎవరి నోట వచ్చినా ముద్ద దిగదు. బంధువుల ముందు అన్నప్పుడైతే అది ఏళ్ల తరబడి గుర్తుంటుంది. ఈ సంభాషణ కంచాల ముందు కాకుండా, సరుకుల జాబితా రాసుకునేటప్పుడు జరగడం మంచిది. ఎన్ని లీటర్ల నూనె తేవాలి, ఎన్ని కట్టల ఆకుకూర, ఎన్ని గుడ్లు అన్న ప్రశ్నలలో ఎవరి శరీరం మీదా వ్యాఖ్య ఉండదు.

వడ్డన ఎవరిది వారే చేసుకోవడం మరో మార్పు. ఒకరు వడ్డిస్తే మరొకరు మొహమాటానికి తింటారు. ఎవరికి వారే వడ్డించుకుంటే ఆకలికి తగినంత పెట్టుకుంటారు. అత్తమామలతో కలిసి ఉండే ఇళ్లలో ఇది ఒక్క రోజులో రాదు. అయినా ‘ముందు కొంచెం పెట్టుకుని, కావలిస్తే మళ్లీ పెట్టుకుందాం’ అన్న మాటకు ఎవరూ నొచ్చుకోరు.

ఇద్దరూ ఒకే సమయానికి, ఒకే వంటతో, ఎదురెదురుగా కూర్చుని తినడంలో మార్చవలసినదేమీ లేదు. ఎవరూ చివరన మిగిలినది తినవలసిన అవసరం కూడా అప్పుడు రాదు. పప్పు, ఆకుకూర, పెరుగు రెండు కంచాల్లోనూ సమానంగా పడి, అన్నం మాత్రం ఎవరి అవసరానికి తగినంత వారు పెట్టుకుంటే పోషకాహార శాస్త్రం చెప్పే లెక్క చాలావరకు ఆ ఇంట్లో తీరినట్టే.